సున్నం కింది డాంబరు

పొద్దుటి షిఫ్టుకు మొదటి కూత కూయగానే గట్టయ్య మా వీధి చివరకు వచ్చేవాడు. ఒక చేతిలో చిన్న సున్నం డబ్బా, ఇంకో చేతిలో వెంట్రుకలు సగం రాలిన కుంచె. వీధి చివర పోచమ్మ గద్దె ఉంది. దాన్ని ఆనుకుని ఎప్పుడో మూతపడ్డ క్యాంటీన్ ప్రహరీ గోడ. ఆ గోడ మీద మనిషి ఛాతీ ఎత్తున, రెండు బారల పొడవున సున్నం పూసేవాడు. బువ్వ తిన్నట్టు, రోజువారీ పనిలా పూసేవాడు. తర్వాత నల్లా దగ్గర చేతులు కడుక్కుని, గద్దె మీది పసుపు నొసట పెట్టుకుని, రోడ్డవతల తన రేకుల షెడ్డు తెరిచేవాడు. వాన పడ్డా అంతే, జ్వరమొచ్చినా అంతే. బిడ్డ పెండ్లి నాడు ఇంటిముందు బాజాలు మోగుతుంటే కూడా డబ్బా పట్టుకుని వచ్చాడు.

నేను పోచమ్మకు దీపం పెట్టే వేళ కూడా అదే. కొత్తలో అది అమ్మవారి సేవ అనుకున్నాను. ఒకనాడు ఉండబట్టలేక అడిగాను.

"గట్టన్నా, రోజూ గీ తిప్పలెందుకే? ఒక్కపారి మంచి ఆయిల్ పెయింట్ కొడితే అయిపోతది గదా?"

"అయిపోవద్దు," అన్నాడు.

ఆ సున్నం కింద డాంబరుతో రాసిన మూడు మాటలున్నాయి: బుచ్చన్న కార్మిక ద్రోహి. రాసింది గట్టయ్యే. రాసిన మూడో రోజు అదే గోడ ముందు బుచ్చన్నను నరికి చంపారు. డాంబరు సున్నానికి లొంగదు. ఎండాకాలం గోడ కాగితే అది మెత్తబడి, తెల్లటి పూత మీద గోధుమరంగు మరకలుగా పైకి తేలుతుంది. ఒకసారి ఉలి పెట్టి చెక్కి చూశాడు. చెక్కిన చోటల్లా గుంటలు పడి అక్షరాలు ఇంకా లోతుకు దిగాయి. అప్పటి నుంచి ముప్పై ఏండ్లు సున్నమే.

గట్టయ్యది మంథని దిక్కు పల్లె. ఐదో తరగతితో బడి ఆగింది. మేనమామ వెంట గోదావరిఖనికి వచ్చి, బాయి మీద, అంటే బొగ్గుగని మీద, టబ్బులకు నంబర్లు వేసే పనిలో కుదిరాడు. చేతి నడక చూసి, బాయి మొగదల కట్టే హెచ్చరిక పలకలు కూడా ఆయనకే అప్పగించారు. ఆ పలకలు జానెడు వెడల్పు. రాయాల్సిన మాటలేమో బారెడు: పైకప్పు తట్టి చూడనిదే లోపలికి అడుగు పెట్టరాదు.

"పలక పెరగది, మాట తరగది. ఇగ అక్షరమే జర పక్కకు జరగాలె," అనేవాడు.

తెలుగు అక్షరం జొన్నరొట్టెలా గుండ్రంగా ఉంటుంది కదా. గట్టయ్య దాన్ని రెండు పక్కల నుంచీ ఒత్తి సొరకాయలా నిలబెట్టాడు. లావుగా, పొడుగ్గా, భుజాలు ఒరుసుకుని, కేజ్‌లో బాయిలోకి దిగే కార్మికుల్లా ఉండేవి ఆయన అక్షరాలు. తలకట్టు నెత్తిమీది టోపీ లైటులా ముందుకు వంగేది. కింద వేలాడాల్సిన ఒత్తును తల్లి చంకనెక్కిన పిల్లలా అక్షరం నడుము మీదికి ఎక్కించేవాడు. పాతకాలపు సర్కస్ బోర్డులా ఉన్నాయని కొత్తగా వచ్చిన ఆఫీసర్లు నవ్వేవారు. నవ్వి మళ్లీ చదివేవారు. మంగలి షాపు, మిల్క్ సెంటర్, సైకిల్ పంక్చర్ డబ్బా, ఎక్కడ చూసినా ఆయన రాతే. చదువు రాని ఆడవాళ్లు కూడా దూరం నుంచి చూసి "గట్టయ్య రాసిండు" అనేవారు. దవాఖాన వార్డు తలుపు మీద 'చెప్పులు విడువండి' అని రాసి, ఎవరూ అడగకుండానే కింద ఒక మల్లెపువ్వు వేశాడు. లోపల మనిషి ఎట్లున్నాడో అని భయపడుతూ వచ్చే ఆడవాళ్లు ఆ పువ్వును ఒకసారి ముట్టుకుని పోయేవారు. నేనూ ముట్టుకున్నాను.

ముప్పై ఏండ్ల కింద మా దగ్గర పెద్ద సమ్మె జరిగింది. పదో రోజుకు బాయి లోపల నీళ్లు మోకాళ్లు దాటాయి. పంపులు నడవకపోతే బాయి మునుగుతుంది. మునిగితే సమ్మె గెలిచినా దిగడానికి బాయి ఉండదు. ఆ పంపులు నడిపే మనిషి బుచ్చన్న. ఎవరికీ చెప్పకుండా దిగి, పంపు నడిపి వచ్చాడు. వచ్చేటప్పుడు తడిసిన లుంగీ చూసి జనానికి తెలిసిపోయింది.

ఆ మధ్యాహ్నం ముగ్గురు మనుషులు డాంబరు బకెట్ పట్టుకుని గట్టయ్య దగ్గరికి వచ్చారు.

"బుచ్చిగాడు ద్రోహి అని రాయి. దూరంకెల్లి కనబడాలె."

"బుచ్చన్ననా? పంపుకాడ గదా ఆయన ఉండేది."

"నువ్వు పెయింటర్‌వా, సర్పంచ్‌వా? రాయమన్నది రాయి."

గట్టయ్య రాశాడు. ఆ రోజు కుంచె బాగా సాగిందట. డాంబరు చిక్కగా, నల్లగా, అంచులు కత్తిరించినట్టు వచ్చిందట. జీవితంలో అంత అందంగా ఇంకెప్పుడూ రాయలేదని ఆయనే నాతో చెప్పి, పోచమ్మ గద్దెకేసి తల కొట్టుకున్నాడు.

మూడో రోజు పొద్దున తొమ్మిదింటికి బుచ్చన్న కొడుకును బడిలో దింపి ఆ దారినే వచ్చాడు. గోడ మీద తన పేరు చూసి ఆగాడు. అక్షరం కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. వెనక నుంచి సైకిల్ చైన్ కాళ్లకు తగిలింది. బోర్లా పడ్డాడు. లేవబోతుంటే గొడ్డలి మెడ పక్కన దిగింది. రెండోది చెవి మీద. మూడోది అరచేతిలో, చెయ్యి అడ్డం పెట్టాడు కాబట్టి. గట్టయ్య అప్పుడు మల్లక్క చాయ్ డబ్బా ముందు గ్లాసు పట్టుకుని ఉన్నాడు. నెత్తురు గోడ మీదికి చిమ్మి 'ద్రోహి' మీదుగా జారింది. డాంబరు బకెట్ తెచ్చిన ఆ ముగ్గురే. పరుగెత్తలేదు, నడిచి వెళ్లారు. బజారంతా తలుపులు మూసింది. మల్లక్క ఒక్కతే పొయ్యి మీది నీళ్ల గిన్నె దించి పోయి, బుచ్చన్న నోట్లో రెండు చుక్కలు పోసింది. అవి తిరిగి బయటికి వచ్చాయి. ఆమె తన కొంగు చింపి అతని ముఖం మీద కప్పింది. ఆ తల్లి పోయి చాలా కాలమైంది. దీపం పెట్టినప్పుడల్లా ఆమె పేరు తలుచుకుంటాను.

శవాన్ని తీసుకెళ్లాక గట్టయ్య గద్దె మీద కుడి చెయ్యి పెట్టి, "ఈ చెయ్యితోని ఇంకో మనిషి పేరు పక్కన చెడ్డమాట రాస్తే, ఈ చెయ్యి నీదే తల్లీ," అన్నాడు. తెల్లారి నుంచి సున్నం డబ్బా పట్టాడు.

ఒట్టు పెట్టుకోవడం ఒక పూట పని. నిలబెట్టుకోవడానికి ఒళ్లు కావాలి. తర్వాత వచ్చిన ఎన్నికల్లో ఒక సంఘం వాళ్లు ఎవరినో తిట్టి రాయమన్నారు. రాయనన్నాడు. చైన్‌తో కొడితే ముందు పండ్లు రెండు పోయాయి. ఇంకోసారి ఇంకో సంఘం వాళ్లు పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నల్లరంగు పోశారు. నాలుగు రోజులు నల్లగానే కక్కాడు. భార్య అనసూర్య రాగి అంబలి పలుచగా కాచి, చెంచాతో తాగించి బతికించింది. మూడోసారి షెడ్డు తగలబెట్టారు. ఎవరి పేరూ పోలీసులకు చెప్పలేదు. కాలిన రేకులు ఇప్పటికీ షెడ్డు మీద అవే.

ఐదేండ్ల కింద సుహాసిని వచ్చింది. బాబూరావు ఇంజినీరు గారి కూతురు. కోస్తా నుంచి వచ్చి ఆఫీసర్స్ కాలనీలో స్థిరపడ్డ కుటుంబం. ఆ అమ్మాయి హైదరాబాదులో అక్షరాలు గీసే చదువు చదివింది. ఖని అంతా తిరిగి గట్టయ్య బోర్డులు ఫోటోలు తీసుకుని, చివరికి షెడ్డుకు వచ్చింది.

"గట్టయ్య గారూ, మీ అక్షరాలు కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామండీ."

"ఎక్కితే ఏమైతది బిడ్డా?"

"ఎవరైనా మీ అక్షరాల్లో టైపు చేసుకోవచ్చు. మీరు కుంచె ముంచక్కర్లేదు."

"అంటే నేను సచ్చినంక గూడ రాస్తనే ఉంటనన్నట్టు."

"అంతే కదండీ మరి!"

షెడ్డు వెనక గిన్నెలు తోముతున్న అనసూర్య ఊరుకోలేదు. "బతికుండంగ ఇంటి గోడకు సున్నం ఎయ్యడు. సచ్చినంక ఏం రాస్తడట!"

నెలా పదిహేను రోజులు పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఇద్దరూ కూర్చున్నారు. ప్రతి అక్షరం, ప్రతి గుణింతం, ప్రతి ఒత్తు ఆయన పెద్ద కాగితాల మీద రాస్తుంటే ఆమె ఎత్తుకునేది. రోజూ ఆయన తన చాయ్‌లోంచి సగం ఆ అమ్మాయికి పోసేవాడు. ఆఖరి రోజు ఒక మాట అన్నాడు.

"దానికి ఒక్కటి చెప్పు బిడ్డా. మనుషులను తిట్టుడు రాయద్దని."

సుహాసిని నవ్వింది. "దానికేం తెలుస్తుందండీ? వేళ్లు ఏం కొడితే అది రాస్తుంది."

గట్టయ్య కుంచె తుడిచి పక్కన పెట్టాడు. "నేను గూడ గట్లనే రాసిన," అన్నాడు. ఆ అమ్మాయికి అర్థం కాలేదు.

ఆ అక్షరాలకు 'గట్టయ్య' అనే పేరు పెట్టి, ఎవరైనా ఊరికే తీసుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచింది. ఏడాది తిరక్కుండా పెండ్లి పత్రికల మీద, బడి గోడల మీద, టిఫిన్ సెంటర్ల మీద అవే కనబడ్డాయి. రామగుండం స్టేషన్ ముందు ఒక బోర్డు చూసి గట్టయ్య ఆగిపోయాడు. "ఇది నేనే రాసిన్నా?" అని నన్నడిగాడు. కాదన్నాను. "మంచిగనే రాసిండు," అన్నాడు. ఎవరిని మెచ్చుకున్నాడో ఆయనకే తెలియదు.

ఖనిలో ఈ కంప్యూటర్ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. మా వాళ్లకు అక్షరం అంటే చెయ్యి. గొంతు విని మనిషిని పోల్చినట్టు రాత చూసి పెయింటర్‌ను పోలుస్తారు. ఆ అలవాటే ఈ ఎండాకాలంలో కొంప ముంచింది.

మే నెల. మళ్లీ సంఘం ఎన్నికలు. ఒక పొద్దున బాయి గేటు మీద, బస్‌స్టాండ్‌లో, ఆఖరికి దవాఖాన గోడ మీద కూడా పసుపు కాగితం పోస్టర్లు వెలిశాయి. లావుపాటి నల్లటి అక్షరాలు, భుజాలు ఒరుసుకుని: ముత్యం కార్మిక ద్రోహి.

ముత్యం బుచ్చన్న కొడుకు. తండ్రి పోయిననాడు వాడికి తొమ్మిదేండ్లు. తల్లి సమ్మవ్వకు దవాఖానలో ఆయా ఉద్యోగం ఇచ్చారు. ఆ జీతంతో పెంచింది. ఇప్పుడు వాడు సంఘంలో పెద్ద గొంతున్న నాయకుడు, పోటీలో ఉన్నాడు. తండ్రి పేరు ఏ అక్షరాల్లో పడ్డాక తండ్రిని నరికారో, అవే అక్షరాల్లో ఇప్పుడు తన పేరు. ఆ పోస్టర్ ముందు నిలబడ్డప్పుడు వాడికి మెడ మీద చల్లగా తగిలిందట. ఆ మాట తర్వాత వాడే చెప్పాడు.

నేను దీపం పెట్టి లేస్తున్నాను. గట్టయ్య సున్నం పూసి చేతులు కడుక్కుంటున్నాడు. ముత్యం ఇద్దరు మనుషులతో బైక్ దిగి, చేతిలో చించుకొచ్చిన పోస్టర్‌తో ఎదురొచ్చాడు.

"ఏం కాకా, అయ్య సరిపోలేదా? కొడుకు గూడ కావాల్నా?"

గట్టయ్య పోస్టర్ చూశాడు.

"ఇది నేను రాయలే బిడ్డా."

"నువ్వు రాయలే? మరి నీ చెయ్యి రాసిందా?"

మొదటి దెబ్బ నోటి మీద పడింది. చైన్ దెబ్బకు మిగిలిన పండ్లలో ఒకటి సున్నం డబ్బాలో పడింది. రెండో దెబ్బ కడుపులో. గట్టయ్య వంగిపోతే జుట్టు పట్టుకుని షెడ్డు ముందుకు ఈడ్చారు. అక్కడ రేకులు సాపు చేసుకునే ఇనుప దిమ్మె ఉంటుంది. కుడిచేతిని దాని మీద పరిచి, ఒకడు మోకాలితో మణికట్టు తొక్కిపట్టాడు. ముత్యం షెడ్డులోంచి సుత్తె తెచ్చాడు.

"తొమ్మిదేండ్ల పొల్లగాన్నప్పుడు ఈ గోడ ముందట నిలబడ్డ నేను. మా అయ్య నెత్తురు ఎండిపోయినంక గూడ నీ అక్షరాలు మెరుస్తున్నయ్."

"ముత్యం, వద్దురా, పోచమ్మ మీదొట్టు!" అని నేను అడ్డం పోయాను. మూడోవాడు నన్ను నెట్టేశాడు. చేతిలోని నూనె సీసా పగిలింది. అనసూర్య లోపలి నుంచి వచ్చి ముత్యం కాళ్లు పట్టుకుంది. ఆమె అట్లే వేలాడుతుండగానే ముత్యం సుత్తె ఎత్తాడు. ఒకటి. ఎండుకట్టెలు విరిగిన చప్పుడు. రెండు. మూడోదానికి చప్పుడు రాలేదు, మెత్తగా దిగింది. గట్టయ్య అరవలేదు. గద్దె దిక్కు చూస్తూ, "నేను రాయలే గద తల్లీ, ఎందుకు తీస్కుంటున్నవ్?" అన్నాడు. చాలా చిన్న గొంతు, పక్కనున్న నాకు మాత్రమే వినబడింది.

వాళ్లు వెళ్లేటప్పుడు, మోకాలితో తొక్కిపట్టినవాడు మాత్రం ఒక్క నిమిషం ఆగాడు. తన మెడలోని తువ్వాల తీసి, వేళ్లు ఎక్కడివక్కడ దగ్గరికి చేర్చి, గట్టిగా కట్టాడు. నా మొహం చూడకుండా బైకెక్కాడు. వాడిలో కూడా దేవుడు అంతమాత్రం ఉన్నాడని అప్పుడు నాకు అనిపించింది, కోపంలో కూడా.

దవాఖానలో డాక్టర్ నాలుగు వేళ్ల ఎముకలు నుజ్జయ్యాయన్నారు. ఇక కుంచె పట్టడం కష్టమన్నారు. పోలీసు వచ్చి అడిగితే గట్టయ్య మెట్ల మీద పడ్డానని చెప్పాడు.

"మెట్లకు సుత్తె ఉంటదా పెద్దమనిషీ?"

"మా మెట్లకు ఉంటది సారు," అన్నాడు పండ్లు లేని నోటితో. పోలీసు కూడా నవ్వాపుకోలేక పుస్తకం మూశాడు.

మూడో రోజు పొద్దున సుహాసిని వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. "నా వల్లే అయింది గట్టయ్య గారూ. అవి తీసేస్తాను, ఇంకెవరికీ దొరక్కుండా చేసేస్తాను," అంది. ఆయన ఎడమచేత్తో తన గ్లాసులోని చాయ్ ఆమె ముందుకు జరిపాడు.

"వద్దు. బడి గోడల మీద గూడ అవే ఉన్నయంట గద. తాగు."

అంతలో అనసూర్య రొప్పుతూ వచ్చింది. చేతిలో టిఫిన్ గిన్నె అట్లే ఉంది.

"అల్లుడు పోశం నలుగురిని తోల్కొని పోయిండు. బాయిల పైకప్పుకు కొట్టే ఇనుప రాడ్లు పట్టుకున్నరు. ముత్యంగాన్ని సంపుతరట. నా మాట ఇనలే."

గట్టయ్య కాళ్లు కిందికి దించాడు. సిస్టర్ వచ్చేలోపే నడవడం మొదలుపెట్టాడు. "ఇంకో మనిషి పోతడు. మల్ల నా అక్షరం కింద్నే," అంటూనే ఉన్నాడు. సుహాసిని కారులో ఆయన్ను, నన్ను ఎక్కించుకుని ముత్యం క్వార్టర్ దిక్కు పోనిచ్చింది. ఆ అమ్మాయి వెంట తెచ్చుకున్న కంప్యూటర్ ఒళ్లో పెట్టుకుని గట్టయ్య దారి చెప్పాడు.

మేం చేరేసరికి తలుపు విరిగి ఉంది. బైక్ అద్దాలు పగిలి నేలంతా గాజు. ముత్యం వాకిట్లో పడి ఉన్నాడు. నెత్తి పగిలి నెత్తురు ఒక కన్ను పూర్తిగా మూసేసింది. సమ్మవ్వ కొడుకు మీద పడుకుని ఉంది. ఆమె వీపు మీద కూడా ఒక రాడ్డు దెబ్బ పడింది, తెల్ల జాకెట్ చిరిగి కమిలిన చర్మం కనబడుతోంది. అరవై ఏండ్ల మనిషి. అయినా కదల్లేదు.

"ముసల్దాన్ని పక్కకు గుంజుర్రి," అంటున్నాడు పోశం. "మా మామ చెయ్యి పోయింది. వీని నెత్తి పోవాలె."

రాడ్డు ఎత్తాడు. గట్టయ్య ఎట్లా అంత తొందరగా పోయాడో నాకు తెలియదు. రాడ్డు దిగేసరికి మధ్యలో ఆయన ఉన్నాడు. కట్టుకట్టిన చెయ్యే అడ్డం పెట్టాడు. సిమెంట్ కట్టు పగిలి తెల్లటి పెంకులు ఎగిరాయి. అప్పుడు మాత్రం అరిచాడు. దవాఖానలో మూడు రోజులు దాచుకున్న అరుపంతా అక్కడ బయటపడింది. పోశం చేతిలోంచి రాడ్డు జారిపోయింది.

"మామా! నువ్వెందుకు అచ్చినవ్?"

"కొట్టు," అన్నాడు గట్టయ్య. "ఇంకో చెయ్యి ఉన్నది. అది గూడ తీస్కో. కనీ వీన్ని ముట్టకు."

సుహాసిని కారులోంచి కంప్యూటర్ తెచ్చింది. పడిపోయిన మంచాన్ని సరిచేసి, దాని మీద పెట్టి, టకటకా కొట్టింది. తెర మీద ముత్యం పేరు లేచింది. పోస్టర్ మీది అక్షరాలే, మచ్చుకు కూడా తేడా లేదు.

"చూడండి ముత్యం గారూ. ఇది గట్టయ్య గారు రాసింది కాదు. ఈ యంత్రం ఉన్నవాళ్లెవరైనా రాయొచ్చు. పోస్టర్ ఉంటే తెప్పించండి. దాని మీది 'క' పక్కన ఈ తెర మీది 'క' పెట్టి చూడండి, రెండూ గింజకు గింజ ఒక్కలాగే ఉంటాయి. మనిషి చెయ్యి అట్లా రాయదు. ఆయన రాస్తే ఏ రెండూ ఒక్కలా ఉండవు."

ముత్యం లేచి కూర్చుని, మూసుకుపోయిన కన్ను తుడుచుకుని, జేబులోంచి మడతలు పడ్డ పోస్టర్ తీశాడు. చాలాసేపు చూశాడు. తెర దిక్కు చూశాడు. మళ్లీ చూశాడు. ఆ తర్వాత గట్టయ్య చెయ్యి దిక్కు చూసి తల దించుకున్నాడు.

"కాకా, నేను..."

"ఆగు," అన్నాడు గట్టయ్య. నేల మీద కూర్చున్నాడు. "ఈ పోస్టర్ నాది కాదు. ఆ గోడ నాదే. బుచ్చన్న పంపు నడిపి బాయిని బతికిచ్చిండని నాకు ఎర్కే. ఎర్కుండి రాసిన. నువ్వు కొట్టింది గీ కాగితానికి కాదు, ఆ గోడకు. ఆలస్యంగ పడ్డది, గంతే. పోశం, ఇన్నవా? దీంట్ల మీకు ఏం పని లేదు. ఇంటికి పోర్రి."

పోశం రాడ్డు తీసుకోకుండానే వెనక్కి తిరిగాడు. అతని వెంట వచ్చినవాళ్లలో ఒకడు పోతూ పోతూ పడిపోయిన బైక్‌ను లేపి స్టాండ్ వేశాడు.

సమ్మవ్వ లేచింది. లోపలికి పోయి, చెంబుతో నీళ్లు, తన పాత చీరలోంచి చింపిన గుడ్డ తెచ్చింది. ముప్పై ఏండ్లు వార్డులో కట్లు కట్టిన చేతులు. ముందు కొడుకు నెత్తి కట్టింది. తర్వాత గట్టయ్య ముందు కూర్చుని, పగిలిన సిమెంట్ పెంకులు ఒక్కొక్కటే ఏరింది.

"నేను డ్యూటీకి పోయే బాట అదే గద గట్టయ్యా," అంది. "రోజు చూసేదాన్ని. పొద్దుగాల్నే నువ్వు పూసుడు. ఒక్కనాడన్న మానుతవేమో అని చూసేదాన్ని. మానితే నిన్ను తిట్టాల్నని నోట్ల ఉంచుకున్న."

"మానలే వదినే."

"మానలే," అని ఆమె గుడ్డ బిగించింది. "గందుకే ఇప్పటిదాంక తిట్టలేదు."

ఎండ వాకిట్లోకి వచ్చింది. పదిన్నరకే నేల కాలుతోంది. గట్టయ్య తల పైకెత్తి ఎండ దిక్కు చూశాడు. తర్వాత ముత్యం దిక్కు తిరిగాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, బతిమాలడం కూడా లేదు. షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి పని అప్పగించినట్టు అడిగాడు.

"ముత్యం, నాకో పని చేసిపెట్టు బిడ్డా. మూడొద్దులాయె గోడకు సున్నం పడక. ఎండలు ముదిరినయ్, డాంబరు పైకి తేల్తది. మీ అయ్య పేరు మల్ల అందరికి కనబడ్తది. నాకు ఎడమ చెయ్యి సాగది. డబ్బా పోచమ్మ గద్దె ఎన్క ఉన్నది, కుంచె గూడ అండ్లనే. రేపు పొద్దుగాల మొదటి కూతకు జర నువ్వు పొయ్యి పుయ్యవా?"